అద్దం లేచేలోపు

కొత్త డీఎస్‌ఎల్‌ఆర్‌ అమ్మేటప్పుడు షాపువాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. ఫొటో పడే క్షణాన తీసేవాడికి ఏమీ కనపడదు. కన్ను వ్యూఫైండర్‌కు ఆనించి, అంతా సరిచూసుకుని బటన్‌ నొక్కామా, సరిగ్గా అప్పుడే లోపల నల్లగా అయిపోతుంది. ఠక్కుమని చప్పుడు. మళ్లీ వెలుతురు. మధ్యలో ఏం జరిగిందో సెన్సర్‌కు తెలుసు, మనకు తెలియదు.

కారణం అద్దం. లెన్స్‌ వెనకాల 45 డిగ్రీల వాలులో చిన్న అద్దం కూర్చుని ఉంటుంది. లెన్స్‌లోంచి వచ్చే వెలుతురును పైకి మళ్లించడం దాని పని. కెమెరా నెత్తిన మూపురంలా లేచి ఉండే భాగంలో ఇంకొన్ని అద్దాలుంటాయి, ఖరీదైన బాడీల్లో అయితే గాజు ప్రిజం ఉంటుంది. అవి బొమ్మను తిన్నగా చేసి కంటికి అందిస్తాయి. బటన్‌ నొక్కగానే కింది అద్దం లేస్తుంది, దాని వెనక షట్టర్‌ తెర తెరుచుకుంటుంది, వెలుతురు సెన్సర్‌ మీద పడుతుంది, తెర మూసుకుంటుంది, అద్దం దిగుతుంది. అద్దం లేచి ఉన్నంతసేపూ కంటికి వెళ్లే దారి బంద్‌.

ఈ కెమెరాలో నాకు మొదట నచ్చిందీ, మొదట బెదరగొట్టిందీ ఇదే. ఫోన్‌కు అలవాటుపడ్డ కన్ను కదా. నవ్వు కనపడ్డాక నొక్కితే ఇక్కడ నవ్వు అయిపోయాక పడుతుంది. నవ్వు రాబోతోందని ముందే పసిగట్టాలి. ఇది ఇవాళ్టి ఇబ్బందేమీ కాదు. 19వ శతాబ్దం చివర్లో సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపి, ఆరో నిజాం కొలువులో ఫొటోగ్రాఫర్‌గా పనిచేసిన రాజా దీన్‌దయాళ్‌ తరంవాళ్లు నల్లగుడ్డ కప్పుకొని, కెమెరా వెనక గాజుపలక మీద పడే తలకిందుల బొమ్మను చూసి ఫోకస్‌ చేసేవారు. మందు పూసిన ప్లేటు పెట్టాల్సింది కూడా ఆ పలక ఉన్నచోటే. ప్లేటు పెట్టాక లెన్స్‌లోంచి చూసే వీల్లేదు. ఇక కెమెరా పక్కన నిలబడి, ఎదుటి మనిషి మొహాన్ని మామూలు కంటితో చూస్తూ ఫొటో తీయాల్సిందే. తర్వాతి కాలపు అద్దం కెమెరాలైన ఎస్‌ఎల్‌ఆర్‌లలోనూ చాలావాటికి అద్దం ఒకసారి లేచిందంటే ఫిల్ము తిప్పేదాకా దిగేది కాదు. లేచి దానంతటదే దిగే అద్దం జపాన్‌ కెమెరాల్లోకి 1954లో అసాహీఫ్లెక్స్‌తో వచ్చింది. వాళ్లతో పోలిస్తే మనకొచ్చిన చీకటి రెప్పపాటే.

ఇప్పుడెవడు కొంటున్నాడ్రా?

నేను తీసుకున్నది కేనన్‌ ఈఓఎస్‌ 1500డీ. 2018లో వచ్చిన మోడల్‌. 24.1 మెగాపిక్సెళ్లు, జతగా 18-55 కిట్‌ లెన్స్‌. బ్యాటరీ, కార్డుతో కలిపి బాడీ 475 గ్రాములు. లెన్స్‌ తగిలించినా ఏడొందల గ్రాముల లోపే. మెడలో వేసుకుని తిరగొచ్చు.

బెజవాడలో పెళ్లి ఫొటోలు తీసే స్నేహితుడొకడు ఉన్నాడు. ఫోన్‌ చేసి చెబితే, "ఇప్పుడెవడు కొంటున్నాడ్రా అద్దం బండి? అందరూ మిర్రర్‌లెస్‌కి వెళ్లిపోతుంటే" అన్నాడు. వాడి మాటలో తప్పు లేదు. కేనన్‌, నికాన్‌ రెండూ 2018లోనే పెద్ద సెన్సర్‌ మిర్రర్‌లెస్‌ దారి పట్టాయి. 2020లో వచ్చిన ఈఓఎస్‌-1డీ ఎక్స్‌ మార్క్‌ త్రీ, నికాన్‌ డీ6 తర్వాత ఆ స్థాయి డీఎస్‌ఎల్‌ఆర్‌ ఆ రెండింటి నుంచీ రాలేదు. అద్దాన్ని ఇంకా నమ్ముకుని ఉన్న పేరు పెంటాక్స్‌.

మరి నేనెందుకు కొన్నట్టు? డబ్బే, దాచేదేముంది! ఓ మోస్తరు ఫోన్‌ ధరకు బాడీ, లెన్స్‌ రెండూ వచ్చాయి. పైగా అందరూ అద్దం వదిలేసి వెళ్తున్నారు కాబట్టి వాళ్ల లెన్సులు సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతున్నాయి. కేనన్‌ ఈఎఫ్‌ మౌంట్‌ 1987లో మొదలైంది. అప్పటినుంచి వచ్చిన ఈఎఫ్‌ లెన్స్‌ ఏదైనా ఈ బాడీకి పడుతుంది, ఆటోఫోకస్‌ కూడా పనిచేస్తుంది. పాతది కొనేటప్పుడు మాత్రం లెన్సును వెలుతురుకు ఎత్తిపట్టి అటూ ఇటూ వంచి చూడాలి. గాజు లోపల సన్నటి తెల్లటి పోగులు అల్లుకుని కనిపిస్తే ఫంగస్‌. అమ్మేవాడు ఎంత తగ్గించినా వద్దని లేచి రావడమే మేలు.

ఇంకో కారణం ఉంది. చెబితే చాదస్తం అంటారు. వ్యూఫైండర్‌లో కనపడేది తెర మీది బొమ్మ కాదు, అసలు వెలుతురే. బ్యాటరీ తీసేసినా కనపడుతుంది. మా ఇంట్లో అందరికీ కెమెరా ఆఫ్‌లో ఉండగానే చూపించాను. ఎవరికీ పెద్దగా వింత అనిపించలేదు.

మల్లెలకు ప్లస్‌, బంతులకు మైనస్‌

ఉన్నమాట చెప్పుకోవాలి. కొత్త డీఎస్‌ఎల్‌ఆర్‌తో తీసిన మొదటి ఫొటోలు ఫోన్‌ ఫొటోలకన్నా చప్పగా ఉంటాయి. వేలకు వేలు పోసి కొన్నవాళ్లు చాలామంది ఇక్కడే నీరుగారిపోయి కెమెరాను బీరువాలో పెట్టేస్తారు.

హైదరాబాద్‌లోని గుడిమల్కాపూర్‌ పూల మార్కెట్‌కు తెల్లవారకముందే వెళ్లాను. ఆటో ట్రాలీల్లోంచి మూటలు దిగుతున్నాయి. బంతి, చామంతి, గులాబీ, లిల్లీ, కనకాంబరాలు, మరువం. తలకాయల మీద ఎల్‌ఈడీ బల్బులు, కాళ్లకింద తడి. ఒకే మూలను ముందు ఫోన్‌తో, తర్వాత కెమెరాతో తీశాను. ఫోన్‌ ఒక్క నొక్కుకు వరసగా చాలా ఫ్రేములు పట్టి, వాటిని కలిపి, నీడల్ని పైకి లేపి, మొహాలు నునుపు చేసి, రంగులు దట్టించి, ఆ చీకటివేళను పట్టపగలు చేసి ఇచ్చింది. కెమెరా ఒక్క ఫ్రేమే తీసింది. బల్బు కింద ఉన్నంతమేరా వెలుతురు, మిగిలిందంతా చీకటి. అక్కడ కళ్లకు కనపడింది కూడా అదే మరి. ఇంటికొచ్చి రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఓట్లన్నీ ఫోన్‌కే పడ్డాయి.

ఫోన్‌ ఫొటో దిగేటప్పటికే వండి వార్చి ఉంటుంది. డీఎస్‌ఎల్‌ఆర్‌లో వంట మనది. రా ఫార్మాట్‌లో తీస్తే ఒక్కో ఫొటో సుమారు 30 ఎంబీ. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి, ఈ కెమెరా రా ఫైల్‌లో 16,384. ఆ తేడా మామూలు ఎండలో తీసిన ఫొటోలో కనపడదు. చీకట్లో ఉన్న మొహాన్ని తర్వాత కంప్యూటర్‌లో వెలిగించాలనుకున్నప్పుడు తెలుస్తుంది. జేపెగ్‌లో మచ్చలు మచ్చలుగా లేచే చోట, రా ఫైల్‌లోంచి చెంప, చెంప మీద చెమట, ముక్కుపుడక మెరుపు బయటికొస్తాయి.

దానికన్నా ముందు అర్థం చేసుకోవాల్సింది మీటర్‌ బుద్ధి. లోపలి లైట్‌ మీటర్‌కు లోకమంతా సగటున బూడిదరంగే. తెల్లటి మల్లెల గుట్ట ఫ్రేము నిండా ఉంటే, 'అబ్బో వెలుతురెక్కువైంది' అనుకుని తగ్గించేస్తుంది. మల్లెలు మాసిపోయి పడతాయి. అదే, ఊళ్లో గేదెను దగ్గర్నుంచి తీశామనుకోండి, 'చీకటిగా ఉంది' అనుకుని పెంచుతుంది. నల్లటి గేదె బూడిద పూసుకున్నట్టు వస్తుంది. కాబట్టి తెలుపుకు ప్లస్‌, నలుపుకు మైనస్‌. వినడానికి తిరకాసుగా ఉంటుంది కానీ, ఎక్స్‌పోజర్‌ కాంపెన్సేషన్‌ బటన్‌ పట్టుకుని చక్రం రెండు మూడు గీతలు తిప్పితే చాలు.

బంతిపూలది ఇంకో తగాదా. మామూలుగా చూస్తే ఫొటో బాగానే ఉంటుంది, కానీ దగ్గరికి లాగి చూస్తే రేకుల మధ్య మడతలు మాయం. అంతా ఒకే నారింజ ముద్ద. కెమెరా వెనక ఆర్‌జీబీ హిస్టోగ్రాం (ఏ రంగు వెలుతురు ఎంత పడిందో చూపే గ్రాఫు) తెరిస్తే సంగతి తెలుస్తుంది: ఆకుపచ్చ, నీలం గీతలు హద్దుల్లోనే ఉన్నాయి, ఎరుపు గీత మాత్రం వెళ్లి కుడిగోడకు గుద్దుకుంది. ముద్దబంతి, కనకాంబరం, పెళ్లికూతురి ఎర్రచీర, కుంకుమ... మన దగ్గర ఫొటో తీయదగ్గవన్నీ ఎరుపుకు అటూ ఇటూ ఉండేవే. వీటికి ఒక గీత మైనస్‌ వేసుకుని తీయడమే మంచిది. చీకటైతే తర్వాత లేపుకోవచ్చు. పోయిన మడత మాత్రం తిరిగి రాదు.

ఎల్‌ఈడీ బల్బులు చేసే అల్లరి అంతా ఇంతా కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్‌. నాసిరకం బల్బు సెకనుకు వందసార్లు వెలిగి మలుగుతుంది. కంటికి తెలియదు. షట్టర్‌ 1/250కి పెట్టి తీస్తే మాత్రం ఒక ఫొటో వెలుగుగా, పక్కది డల్‌గా, ఇంకోటి సగం పసుపు సగం చీకటి పట్టీలతో వస్తుంది. కొత్తవాళ్లు కెమెరా పాడైందనుకుంటారు. షట్టర్‌ 1/100కో 1/50కో దించితే సర్దుకుంటుంది.

దించితే మళ్లీ చేతులు కదులుతాయి, మనుషులూ కదులుతారు. ఐఎస్‌ఓ (సెన్సర్‌ సున్నితత్వం) పెంచితే ఫొటోలో గింజలు లేస్తాయి. 18-55 లెన్సును 55కు లాగితే దాని ఎపర్చర్‌ ఎఫ్‌/5.6 కన్నా తెరుచుకోదు (ఈ అంకె తగ్గేకొద్దీ వెలుతురు దూరే కంత పెద్దదవుతుంది). మార్కెట్‌లో కిట్‌ లెన్స్‌ చేతులెత్తేసింది అక్కడే. 50 ఎంఎం ఎఫ్‌/1.8 తగిలించాను. అరచేతిలో ఇమిడే లెన్స్‌, 160 గ్రాములు. ఎఫ్‌/5.6తో పోలిస్తే ఇది సుమారు పది రెట్లు వెలుతురు లోపలికి వదులుతుంది. కెమెరా కొనే డబ్బులోంచి కొంత మిగుల్చుకుని ఈ లెన్స్‌ కొనుక్కోమని ఎవరికైనా చెబుతాను. బాడీ ఏ మోడల్‌ అన్నదానికన్నా ఇదే పెద్ద విషయం.

ఏ పేపరు సారు?

ఫోన్‌ ఎత్తితే ఎవరూ పట్టించుకోరు. డీఎస్‌ఎల్‌ఆర్‌ ఎత్తితే మార్కెట్‌ మొత్తం మనల్ని చూస్తుంది. బంతిపూల గుట్ట వెనక కూర్చున్న ఒకావిడ తూకం వేస్తూ వేస్తూ ఆగి, కొంగు సర్దుకుని అడిగింది.

"ఏ పేపరు సారు?"

"పేపరేం లేదమ్మా. కొత్త కెమెరా. నేర్చుకుంటున్నా."

"నేర్చుకునేతందుకు గింత పొద్దుగాల్నే వచ్చినవా?" అని నవ్వింది. ఆ నవ్వు నాకు దక్కలేదు. అద్దం గురించి పైన చెప్పిందంతా అక్కడ జరిగింది. రెండో నవ్వు కోసం కాచుకున్నాను. మధ్య ఫోకస్‌ పాయింట్‌ ఆమె కంటి మీద పెట్టి, బటన్‌ సగం నొక్కి పట్టుకున్నాను. ఈ మోడల్‌లో ఫోకస్‌ పాయింట్లు తొమ్మిదే. మసక వెలుతురులో నమ్మదగింది మధ్యదే. పక్కకొట్టు కుర్రాడు ఏదో అరిచాడు, ఆమె అటు తిరగబోయింది, పెదవి చివర కదిలింది. ఠక్‌. వెనక తెర మీద చూసుకుంటే ఆ కుర్రాడిని తిట్టబోతూ నవ్వాపుకుంటున్న మొహం పడింది. నేను ఆ మొహాన్ని చూడనేలేదు, అంటే కంటితో. ముందే ఊహించి నొక్కానని చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది కానీ, సగం అదృష్టం.

"నాకిస్తవా మరి ఫొటో?" అంది. ఇస్తానన్నాను.

పెద్ద కెమెరాను చూస్తే మనవాళ్లు నిటారుగా అవుతారు. పైగుండీ పెట్టుకుంటారు. చేతిలో బీడీ ఉంటే వెనక్కి దాచేస్తారు. దొంగచాటు ఫొటోలకు ఇది పనికిమాలిన పరికరం, అలా ఉండటమే మంచిదని నా అభిప్రాయం. అడిగి తీయాల్సొస్తుంది, అడిగితే మాటలు కలుస్తాయి. దీనికి రెండో వైపు కూడా ఉంది. ఊళ్లో ఒక పార్కు గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన నన్ను ఆపి "కెమెరాకు పర్మిషన్‌ ఉందా?" అన్నాడు. ఆయన వెనకాలే ఓ జంట ఫోన్‌ను స్టాండుకు బిగించి, రింగ్‌ లైట్‌ పెట్టుకుని, పాట మీద పాట షూట్‌ చేస్తున్నారు. వాళ్లది కెమెరా కాదట!

అడ్డుతెర, షట్టర్‌ తెర

చుట్టాల పెళ్లికి కెమెరా తీసుకెళ్తే గౌరవం ఎక్కువ, భోజనం ఆలస్యం. డబ్బులిచ్చి పెట్టుకున్న ఫొటోగ్రాఫర్లకు అడ్డు తగలకుండా ఓ పక్కన ఒదిగి తీసుకోవాలి, అది మర్యాద. మన పెళ్లిలో ఈ కెమెరాకు అసలు పరీక్ష జీలకర్ర-బెల్లం ఘడియ. వధూవరుల మధ్య అడ్డుతెర పట్టుకుని ఉంటారు. పంతులుగారి గొంతు పెరుగుతుంది, సన్నాయి, డోలు ఒక్కసారి జోరందుకుంటాయి, తెర దిగుతుంది. ఆ అమ్మాయి తలెత్తి చూసే చూపు ఒక్కటే. రెండోసారి చూసేటప్పటికి అది వేరే చూపు. ఈ కెమెరా సెకనుకు మూడు ఫొటోలే తీస్తుంది. గుడ్డిగా నొక్కి పట్టుకుని అందులో ఏదో ఒకటి తగలకపోతుందా అనుకుంటే తగలదు. డోలు చప్పుడు వింటూ ఉండాలి, కన్నుకన్నా ముందు చెవి చెబుతుంది.

తలంబ్రాలకు అంత కంగారు లేదు, పోటీపడి చాలాసేపు పోసుకుంటారు కాబట్టి ప్రయోగాలకు వీలుంది. షట్టర్‌ 1/1000 దగ్గర పెడితే గింజ గింజా గాల్లో ఆగిపోతుంది. పసుపు అంటిన బియ్యం గింజ అంచు కూడా కనపడుతుంది, కానీ ఎందుకో పెళ్లి సందడి పోతుంది. 1/60కి దించితే గింజలు గీతలవుతాయి, మొహాలు నిలకడగా ఉంటే వాన కింద నవ్వుతున్నట్టుంటారు. నాకు రెండోదే నచ్చింది. పెళ్లివారికి మొదటిది నచ్చింది.

ఫ్లాష్‌ కొనబోయేవాళ్లకు ఒక మాట. ఈ 1500డీ నెత్తిమీది హాట్‌షూలో మధ్య పిన్‌ ఉండదు. బజారులో చవగ్గా దొరికే ఇతర కంపెనీల మాన్యువల్‌ ఫ్లాషులు ఆ ఒక్క పిన్‌ మీదే వెలుగుతాయి కాబట్టి దీనిమీద పనిచేయవు. షాపులోనే తగిలించి చూసుకుని డబ్బులివ్వండి.

వీడియో సంగతి నేను ఎక్కువ ముట్టుకోలేదు. కానీ తెలుగువాళ్లకు డీఎస్‌ఎల్‌ఆర్‌ అనే మాట ఇంతగా అలవాటవడంలో వీడియో వాటా తక్కువేం కాదు. వీడియో తీయగల మొదటి డీఎస్‌ఎల్‌ఆర్‌ నికాన్‌ డీ90 వచ్చింది 2008లో. అదే ఏడాది కేనన్‌ 5డీ మార్క్‌ టూ ఫుల్‌ హెచ్‌డీ తెచ్చింది. 2011లో రామ్‌గోపాల్‌ వర్మ రవితేజ, చార్మిలతో 'దొంగల ముఠా'ను 5డీ కెమెరాలతో, ఏడుగురు సిబ్బందితో ఐదు రోజుల్లో తీసేశారు. సినిమా ఎలా ఉందన్న తగువు పక్కనపెడితే, 'కెమెరా ఒకటుంటే చాలు' అన్న ధైర్యం ఊరూరా షార్ట్‌ఫిల్ములు తీసే కుర్రాళ్లలో బలపడిన రోజులవి.

కెమెరాను దాచుకోవడం గురించి కొంచెం. కోస్తా జిల్లాలవాళ్లకు ముఖ్యంగా. గాలిలో తేమ 60 శాతం దాటి, వెలుతురు తగలని చోట పెడితే లెన్సులో ఫంగస్‌ పెరుగుతుంది. విశాఖ, కాకినాడ గాలిలో అంత తేమ మామూలే. తోలు సంచి తేమను పట్టి ఉంచుతుంది, అందులో పెట్టి మరిచిపోవద్దు. మూత గట్టిగా పడే ప్లాస్టిక్‌ డబ్బా, అందులో సిలికా జెల్‌ పొట్లాలు. బియ్యం డబ్బాలో పెట్టమని పెద్దవాళ్లు చెప్పే చిట్కా దీనికి వద్దు, తవుడు లోపలికి పోతుంది. అన్నిటికన్నా మంచి వైద్యం తరచూ బయటికి తీసి వాడటం.

ఇక బ్లర్‌. డీఎస్‌ఎల్‌ఆర్‌ కొన్న ప్రతివాడినీ బంధువులు అడిగేది ఒకటే: "వెనకాల బ్లర్‌ వస్తుందా?" వస్తుంది. 50 ఎంఎంను ఎఫ్‌/1.8కు తెరిచి, మనిషికి దగ్గరగా నిలబడి, వెనక గోడ దూరంగా ఉండేలా చూసుకుంటే వెనకున్న బల్బులు గుండ్రటి బిళ్లలవుతాయి. కన్ను ఫోకస్‌లో ఉంటే చెవి ఉండదు, అంత పలచన. ఫోన్‌లో పోర్ట్రెయిట్‌ మోడ్‌ వేసే దొంగ బ్లర్‌లా జుట్టు చివర్లను కోసెయ్యదు. కొన్నాళ్లు అందరినీ అలాగే తీశాను, కనకాంబరాలను కూడా.

బంతిపూలావిడకు ఇస్తానన్న ఫొటోను ప్రింటు వేయించి పట్టుకెళ్లాను. అప్పటికి ఎండ బాగా ఎక్కింది, బేరాలు పలచబడ్డాయి. చేయి తుడుచుకుని అందుకుని చాలాసేపు చూసింది. పక్కకొట్టు కుర్రాడికి చూపించింది. వాడు కూడా బాగుందన్నాడు.

"నేను మంచిగనే వడ్డ. నా పూలేవి సారు?"

"వెనక ఉన్నాయి కదమ్మా. ఇదుగో, ఈ పసుపంతా పూలే."

"గవి పూలా? శెనగపిండి లెక్కున్నది." ప్రింటు నా చేతికే తిరిగిచ్చింది. "స్టేటస్‌ పెడ్దామనుకున్న. స్టేటస్‌ల పూలు కనవడాలె గద. నన్ను జూసి కొంటరా ఎవలన్న?"

గంప ముందుకు జరిపింది. పైనున్న వాడిన పూలు ఏరి పక్కకు పారేసి, మంచివి పైకి తెచ్చి, నీళ్లు చల్లి, తను ఒక పక్కకు కూర్చుంది. ఎఫ్‌/8కు తిప్పాను.